రెండు ముళ్లు, ఒకే లెక్క

పోయిన చలికాలంలో ఒక తెల్లవారుజామున మా కారు మొరాయించింది. తాళం తిప్పితే టక్ టక్‌మని చప్పుడే తప్ప ఇంజన్ కదల్లేదు. డాష్‌బోర్డు దీపాలు మినుకుమినుకుమంటున్నాయి. బ్యాటరీ నీరసించిందని తెలుస్తూనే ఉంది. వీధి చివర టీ బండి దగ్గరున్న నలుగురు సాయానికి వచ్చారు. వాళ్లలో ఒకాయన ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. కారు వెనక చేతులానించి, నాతో అన్నాడు: "ఫస్టులో వద్దు సార్. సెకండ్‌లో వేసి క్లచ్ తొక్కి పట్టుకోండి. నేను చెప్పినప్పుడు టక్కున వదలండి."

నలుగురూ తోశారు. బండి మనిషి గబగబా నడిచేంత వేగం అందుకుంది. "వదలండి!" అని కేక. వదిలాను. కారు ఒక్క కుదుపు కుదిపి స్టార్టయింది.

దిగి దండం పెట్టి, సెకండ్ గేరే ఎందుకని అడిగాను. "ఫస్టులో వేస్తే గుద్దేసి ఆగిపోద్ది సార్. టాప్‌లో వేస్తే అందుకోదు" అన్నాడాయన. ఆయన అనుభవం చెప్పిన మాటలో కచ్చితమైన లెక్క ఒకటి ఉంది. ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే బండి ఎంత దూరం పోతుందన్నదే ఆ లెక్క. కారు నడిపే ప్రతి ఒక్కరూ దాన్ని రోజూ వాడుతూనే ఉంటారు. ఒక్కసారి విప్పి చూసుకుంటే మైలేజీ దగ్గర్నుంచి ఘాట్ రోడ్డు మీద ప్రాణరక్షణ దాకా చాలా సంగతులు అందులోనే దొరుకుతాయి.

ముళ్లు చెప్పేది

చాలా కార్లలో స్టీరింగ్ వెనక రెండు గుండ్రటి మీటర్లుంటాయి. ఒకటి బండి గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోతోందో చూపిస్తుంది. రెండోది ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపిస్తుంది. దాన్నే ఆర్‌పీఎం మీటరంటారు. దాని మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. ఒక్కో అంకె వెయ్యి చుట్లకు గుర్తు.

తిరిగేది ఇంజన్ లోపలుండే క్రాంక్‌షాఫ్ట్. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంటే ఆ కదలికను గుండ్రంగా తిప్పే ఇరుసు అది. మామూలు కారు ఇంజన్‌లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకోసారి ఇంధనాన్ని మండిస్తుంది. నాలుగు సిలిండర్లుంటే చుట్టుకు రెండు మంటలు. ముల్లు 3,000 దగ్గరుంటే నిమిషానికి 6,000 మంటలు, అంటే సెకనుకు 100. మన చెవికి వినిపించే ఇంజన్ మోతలో ప్రధానమైన స్వరం ఇదే. చుట్లు పెరిగితే స్వరం పైకి పోతుంది, తగ్గితే దిగుతుంది. ఆర్‌పీఎం మీటరు లేని పాత బండ్లను తోలినవాళ్లు చెవితోనే గేరు మార్చేవారు. వాళ్ల చెవి ఆ మంటలనే లెక్కపెట్టేది.

ఇంజన్‌కు ఇష్టమైన వేగాలు కొన్నే. 700, 800 చుట్లకంటే బాగా కిందికి పోతే ఒక మంటకూ ఇంకో మంటకూ మధ్య దాన్ని తిరిగేలా ఉంచే ఊపు చాలదు, ఆగిపోతుంది. పెట్రోలు ఇంజన్లలో అయితే పైన 6,000, 6,500 దాటితే పిస్టన్లూ వాల్వులూ తట్టుకోలేవు. మీటరు మీద ఎర్రగీత గీసేది అందుకే. చక్రం సంగతి పూర్తిగా వేరు. అది సున్నా నుంచి మొదలవ్వాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చిన్న కారు చక్రం నిమిషానికి 700 చుట్లయినా తిరగదు. ఇంజన్ మెల్లగా తిరగలేదు, చక్రం అంత జోరుగా తిరగనక్కర్లేదు. ఈ ఇద్దరికీ కాపురం కుదర్చడమే గేర్‌బాక్స్ పని.

బెర్తా బెంజ్ ఎక్కిన కొండలు

గేర్ల అవసరం కారుతోపాటే పుట్టింది. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886 జనవరి 29న పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఒకే సిలిండరున్న ఆ ఇంజన్ నిమిషానికి 400 చుట్లు తిరిగి, ముప్పావు గుర్రపు శక్తి ఇచ్చేది. బండి గంటకు 16 కిలోమీటర్లు పోయేది. సమతలం మీద అది చక్కగానే నడిచింది.

1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్తకు చెప్పకుండా, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి అలాంటి బండి మీదే బయల్దేరింది. 100 కిలోమీటర్ల పైచిలుకు దారి. మోటారు బండి మీద ఎవరైనా చేసిన తొలి దూర ప్రయాణంగా దాన్ని చెబుతారు. దారిలో ఎత్తులు వచ్చినచోట ఇంజన్ చాలలేదు. దిగి తోయాల్సి వచ్చింది. పల్లాల్లో ఇంకో తిప్పలు: కొయ్య బ్రేకులు అరిగిపోతుంటే ఒక చెప్పులు కుట్టే ఆయన చేత వాటికి తోలు కొట్టించింది. తిరిగొచ్చాక భర్తకు చెప్పిన మాటల్లో ముఖ్యమైనది, ఎత్తులెక్కడానికి బండికి ఇంకో గేరు కావాలని.

ఎక్కేటప్పుడు తోపుడు, దిగేటప్పుడు బ్రేకు. ఆవిడకు ఎదురైన ఈ రెండు కష్టాలకూ మందు ఒకటే. అదెలాగో ముందుకు పోతే తెలుస్తుంది.

రాట్నాన్ని తిరగేస్తే

రాట్నం చూసినవాళ్లకు గేరు సంగతి సగం అర్థమైనట్టే. పెద్ద చక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పితే సన్నటి కదురు పదుల చుట్లు తిరుగుతుంది. నూలు పురి ఎక్కడానికి ఆ జోరు కావాలి. కానీ కదురులో జోరే తప్ప బలం ఉండదు. వేలుపెట్టి ఆపేయవచ్చు. పెద్ద చక్రంలో జోరు తక్కువ, బలం ఎక్కువ. చేతి బలం ఎక్కడికీ పోలేదు. జోరుగా మారిందంతే.

కారు రాట్నాన్ని తిరగేసి వాడుకుంటుంది. ఇంజన్ కదురులాంటిది, జోరెక్కువ. గేర్‌బాక్స్‌లో పది పళ్ల చిన్న చక్రం ముప్పై అయిదు పళ్ల పెద్ద చక్రాన్ని తిప్పుతోందనుకోండి. పన్నును పన్నే నెడుతుంది కనుక చిన్నది మూడున్నర చుట్లు తిరిగితేగాని పెద్దది ఒక చుట్టు పూర్తిచేయదు. జోరు మూడున్నర రెట్లు తగ్గింది. తిప్పే బలం, మెకానిక్కులు టార్క్ అనేది, మూడున్నర రెట్లు పెరిగింది. రాపిడికి పోయే కొద్దిపాటి నష్టాన్ని పక్కనపెడితే, రెండింటినీ హెచ్చవేస్తే వచ్చే శక్తి మారదు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి. ఏ గేరూ శక్తిని పుట్టించదు. ఉన్నదాన్ని మనకు కావాల్సిన రూపంలోకి మార్చిపెడుతుంది.

ఈ తగ్గింపు రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె మనం చేత్తో మార్చే గేరు. రెండోది ఎప్పుడూ మారని ఫైనల్ డ్రైవ్. వెనక చక్రాలను ఇంజన్ తిప్పే బండ్లలో మెకానిక్కులు దీన్నే క్రౌన్, పీనియన్ అంటారు. ముందు చక్రాలను తిప్పే చిన్న కార్లలో ఇది గేర్‌బాక్స్ పెట్టెలోనే ఇమిడి ఉంటుంది. దాని పక్కనే డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కనుక వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. అప్పుడు కూడా ఆ రెండు చక్రాల సగటు ఇంజన్ లెక్కకు కట్టుబడే ఉంటుంది.

టైరు మీద రాసున్న అంకె

ఇక అసలు లెక్క. కలం, కాగితం ఉంటే చాలు.

మా కారు టైరు పక్కన 165/80 ఆర్‌14 అని ఉంటుంది. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. టైరు గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. లోపలి రిమ్ము అడ్డుకొలత 14 అంగుళాలు, అంటే దాదాపు 356 మిల్లీమీటర్లు. గోడ పైనా కిందా కలిపి రెండుసార్లు వస్తుంది కనుక మొత్తం అడ్డుకొలత 620 మిల్లీమీటర్లు. దాన్ని 3.14తో హెచ్చవేస్తే చుట్టుకొలత 1.95 మీటర్లు. చక్రం ఒక్కసారి తిరిగితే కారు దాదాపు రెండు మీటర్లు పోతుందన్నమాట. బరువుకు టైరు కాస్త అణుగుతుంది కనుక నిజంగా పోయేది ఇంకొంచెం తక్కువే, ఇక్కడ ఆ తేడాను వదిలేద్దాం.

గేర్లకు చిన్న పెట్రోలు కార్లలో మామూలుగా కనిపించే నిష్పత్తులను సరళమైన అంకెలుగా తీసుకుంటాను: ఒకటో గేరు 3.5, రెండు 1.9, మూడు 1.3, నాలుగు 0.95, అయిదు 0.75. ఫైనల్ డ్రైవ్ 4.2. గేరు అంకెను 4.2తో హెచ్చవేస్తే, చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో వస్తుంది. ఒకటో గేరులో 14.7 చుట్లు, అయిదులో 3.15. అయిదో గేరు అంకె ఒకటికంటే తక్కువ కదా, అందులో ఇంజన్ చక్రంకంటే మెల్లగా తిరుగుతుందేమో అనుకునేవాళ్లున్నారు. అలా జరగదు. ఫైనల్ డ్రైవ్ కలిశాక ఇంజనే మూడు రెట్లకు పైగా జోరుగా తిరుగుతుంది.

ఇప్పుడు ఇంజన్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే ఏ గేరులో ఎంత వేగమో చూడండి:

ఒకటో గేరు: గంటకు 8 కిలోమీటర్లు
రెండో గేరు: 15 కిలోమీటర్లు
మూడో గేరు: 21 కిలోమీటర్లు
నాలుగో గేరు: 29 కిలోమీటర్లు
అయిదో గేరు: 37 కిలోమీటర్లు

చుట్లు రెట్టింపయితే వేగమూ రెట్టింపు. అయిదో గేరులో 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ముల్లు 2,150 దగ్గర నిలబడాలి. నాలుగో గేరుకు వస్తే అదే వేగానికి 2,730, మూడుకు వస్తే 3,740. క్లచ్ పూర్తిగా పట్టుకుని, చక్రాలు జారకుండా ఉన్నంతవరకు ఇందులో ఇంచుమించు అన్న మాటే లేదు. ఎక్కుతున్నా దిగుతున్నా, బండి ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా, ఏసీ వేసినా తీసేసినా, ఆ గేరులో ఆ వేగానికి అన్నే చుట్లు.

ఇంకో చిత్రం కూడా చూడండి. ఒకే గేరులో కిలోమీటరుకు ఇంజన్ తిరిగే చుట్లు మన వేగాన్ని బట్టి మారవు. మెల్లగా పోయినా జోరుగా పోయినా అయిదో గేరులో కిలోమీటరుకు దాదాపు 1,600 చుట్లే. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా సుమారు 270 కిలోమీటర్లు. మొత్తం అయిదో గేరులోనే పోగలిగితే ఇంజన్ దాదాపు 4,36,000 సార్లు తిరుగుతుంది. అదే దారి ఒకటో గేరులో పోతే 20 లక్షల చుట్లు దాటిపోతుంది.

తోసినప్పుడు జరిగింది

ఆ లారీ పెద్దాయన మాటను ఈ అంకెల దగ్గర పెట్టి చూద్దాం. నలుగురు తోస్తే కారు గంటకు 8 కిలోమీటర్లు పోయిందనుకుందాం. పళ్ల చక్రాలకు ఎవరు ఎవర్ని తిప్పుతున్నారన్న పట్టింపు లేదు. క్లచ్ వదలగానే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. రెండో గేరులో 8 కిలోమీటర్లంటే ఇంజన్‌కు దాదాపు 550 చుట్లు. స్టార్టర్ మోటారు ఇచ్చేది 200 ప్రాంతంలో ఉంటుంది కనుక ఇది ధారాళంగా సరిపోతుంది.

ఒకటో గేరులో అయితే 1,000 చుట్లు వస్తాయి, ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఇంజన్ లోపలి గాలిని అదిమేందుకు కావాల్సిన బలం చక్రాల దగ్గర 14.7 రెట్లయి ఎదురు తంతుంది. తోసేవాళ్ల ఊపు దానికి చాలదు. అదే ఆయన చెప్పిన 'గుద్దేయడం'. అయిదో గేరులో ఎదురుదెబ్బ తక్కువే, కానీ వచ్చేవి 215 చుట్లు. క్లచ్ పడగానే బండి నెమ్మదిస్తుంది కనుక అవీ మిగలవు. అదే 'అందుకోకపోవడం'. రెండో గేరు ఈ రెండు కష్టాలకూ మధ్య దారి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇప్పటి కార్లలో ఇంధనం పంపుకూ ఇంజెక్టర్లకూ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఎంత తోసినా ఇంజన్ అందుకోదు.

లెక్కకు విడుపు

పళ్ల లెక్క ఇంత బిగువుగా ఉంటే నిలబడ్డ కారు కదిలేదెలా? ఇంజన్ కనీసం 800 చుట్లు తిరగాలి. ఒకటో గేరులో 800 చుట్లంటే గంటకు ఆరున్నర కిలోమీటర్లు. సున్నాకూ ఆరున్నరకూ మధ్య ఏ గేరూ లేదు. ఆ ఖాళీని పూడ్చేది క్లచ్. తిరిగే పళ్లేనికీ నిలిచిన పళ్లేనికీ మధ్య కావాలని రాపిడి పెట్టి, రెండూ ఒకే వేగానికి వచ్చేదాకా జారనిస్తుంది. జారినంతసేపూ శక్తి వేడిగా మారిపోతుంటుంది. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టినప్పుడు వచ్చే కమురు వాసన అదే. ఎత్తు మీద బండి వెనక్కి పోకుండా హ్యాండ్ బ్రేకు వాడమని నేర్పేవాళ్లు చెప్పేది క్లచ్ పళ్లేన్ని కాపాడటానికి.

ఆటోమేటిక్ కార్లు కొన్నింటిలో క్లచ్ బదులు నూనె నిండిన టార్క్ కన్వర్టరు ఉంటుంది. ఒక పంఖా నూనెను చిమ్మితే ఆ ఉరవడికి ఎదుటి పంఖా తిరుగుతుంది. ఈ రెండింటికీ మధ్య పళ్ల బంధం లేదు. అందుకే అలాంటి కారును తోసి స్టార్టు చేయలేం.

స్కూటర్ నడిపేవాళ్లు ఇంకో విడుపును రోజూ వింటుంటారు. గేర్లు లేని స్కూటరు 20 కిలోమీటర్ల నుంచి 40కి చేరుతున్నా మోత పెద్దగా మారదు. అందులో రెండు కప్పీల మధ్య బెల్టు ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ లోపలి రోలర్లు బయటికి జరిగి కప్పీ పక్కలను దగ్గరకు నొక్కుతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది, నిష్పత్తి తనంతట తానే మారుతుంది. మెట్లకు బదులు ఏటవాలు దారి అన్నమాట. డచ్చి దేశస్థుడు హుబ్ వాన్ డోర్న్ ఈ పద్ధతిని కారులో పెట్టి 1958లో డాఫ్ 600గా లోకానికి చూపించాడు. ఇలా మెట్లు లేకుండా నిష్పత్తి మారే నేటి సీవీటీ కార్లు చాలావరకు ఆ బాట పట్టినవే.

గేరు మారే ఆ అరసెకను

గేరు మార్చినప్పుడు బండి వేగం అంతే ఉంటుంది, ఇంజన్ వేగం మాత్రం ఒక్కసారిగా మారాలి. 80 దగ్గర అయిదు నుంచి మూడుకు దిగితే 2,150లో ఉన్న ఇంజన్ 3,740కి ఎగబాకాలి. లోపల పళ్ల చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. వాటిని బలవంతంగా కలిపితే గరగరమంటాయి. పాత లారీల్లో అందుకే డబుల్ క్లచ్ వేసేవారు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఇంజన్‌ను కాస్త రైజ్ చేసి, మళ్లీ తొక్కి గేరు వేసేవారు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. పళ్లు కలవకముందే చిన్న ఇత్తడి ఉంగరాలు రాపిడితో వేగాలను సరిచేసే ఏర్పాటు అది. మన చేతి కింద గేరు మెత్తగా పడుతోందంటే ఆ ఉంగరాల చలవే.

కానీ ఆ ఉంగరాలు అజాగ్రత్తను ఆపలేవు. 100 కిలోమీటర్ల వేగంలో నాలుగు అనుకుని రెండో గేరు వేసి క్లచ్ వదిలితే ఏమవుతుంది? ఇంజన్ 6,800 చుట్లకు చేరాలి. ఎర్రగీత దాటిపోతుంది. చుట్లు మితిమీరకుండా ఆపే ఏర్పాటు ఇప్పటి ఇంజన్లన్నిటికీ ఉందిగాని, అది చేయగలిగింది ఇంధనం ఆపడమే. ఇక్కడ ఇంజన్‌ను తిప్పేది ఇంధనం కాదు, చక్రాలు. వాల్వులు వంగిపోయే ప్రమాదం ఇలాంటప్పుడే వస్తుంది.

ఎత్తుకు బలం, సమతలానికి పొదుపు

బెర్తా బెంజ్ కష్టాన్ని మన కారు మీద లెక్కకట్టి చూద్దాం. మనుషులతో కలిపి కారు 1,100 కిలోలు. పది మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కే దారి. అక్కడ కారును వెనక్కి లాగే బలం దాదాపు 110 కిలోల బరువుతో సమానం. ఇంజన్ గరిష్ఠంగా 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందనుకుంటే, అయిదో గేరులో టైరు నేలను నెట్టే బలం దాదాపు 104 కిలోలకు సమానం. చాలదు. ఎంత తొక్కినా బండి వేగం తగ్గిపోతూనే ఉంటుంది. ఒకటో గేరులో అదే ఇంజన్ 480 కిలోల బలం పెడుతుంది. 'బండి లాగడంలేదు' అన్న ప్రతిసారీ ఇంజన్ నీరసించిందని కాదు. చాలాసార్లు గేరు తప్పు.

సమతలం మీద దీనికి ఎదురు. 80 కిలోమీటర్ల దగ్గర బండికి కావాల్సిన శక్తి కొంతే. దాన్ని మూడో గేరులో 3,740 చుట్లతో ఇవ్వొచ్చు, అయిదులో 2,150తోనూ ఇవ్వొచ్చు. ప్రతి చుట్టుకూ పిస్టన్ల రాపిడి, గాలిని పీల్చే శ్రమ ఉంటాయి. చుట్లు తగ్గితే ఆ వృథా తగ్గుతుంది, మైలేజీ పెరుగుతుంది. అలాగని 30 కిలోమీటర్ల దగ్గర అయిదో గేరు వేస్తే ఇంజన్‌కు 810 చుట్లే మిగులుతాయి. దడదడ కొట్టుకుంటుంది. లోపలి భాగాలకు అది చేటు. చుట్లు అంత తగ్గినచోట ఎక్సలేటర్ గట్టిగా తొక్కకూడదు, గేరు దించాలి.

వేగం పెంచితే మాత్రం పొదుపు నిలవదు. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని గెలవడానికి కావాల్సిన శక్తి ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి పోతే చుట్లు పెరిగేది పాతిక శాతమే, గాలి కోసం కావాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది.

ఎక్కిన గేరులోనే దిగు

ఘాట్ రోడ్డు తోలే డ్రైవర్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట ఇది. దీని వెనకున్న లెక్క ప్రాణాలు కాపాడేది.

తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మన 1,100 కిలోల కారు పైనుంచి కిందికి వచ్చేసరికి విడుదలయ్యే శక్తి 75 లక్షల జౌళ్లు. మామూలు నీళ్లను దాదాపు పాతిక లీటర్లు మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. గాలి కొంత తీసుకుంటుంది. మిగిలినదంతా బ్రేకుల మీదే పడితే ప్యాడ్లు కాలిపోయి పట్టు సడలుతుంది. బ్రేకు నూనె మరిగి బుడగలు కడితే, తొక్కినా పెడల్ మెత్తగా కిందికి పోతుంది తప్ప బండి ఆగదు.

రెండో గేరులో 30 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే చక్రాలు ఇంజన్‌ను 2,000 చుట్లకు పైగా తిప్పాలి. తోసి స్టార్టు చేసిన రోజున కారును గుద్దిన ఎదురుబలమే ఇక్కడ మెల్లగా, దారిపొడుగునా, బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ వేడి ఇంజన్‌కు, రేడియేటరుకు పోతుంది. వేడిని మోయడానికే పుట్టిన భాగాలవి. బ్రేకులు మలుపుల కోసం చల్లగా మిగులుతాయి.

పెట్రోలు కలిసొస్తుందని పల్లంలో న్యూట్రల్ చేసేవాళ్లను చూసినప్పుడల్లా నాకు గుండె దడ పుడుతుంది. వాళ్లు చేతులారా ఆ పళ్ల బంధాన్ని తెంపేసుకుంటున్నారు. పైగా ఆదా అన్నది కూడా వట్టి భ్రమ. ఇంజెక్షన్ ఉన్న నేటి కార్లలో గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలేస్తే కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. ఇంజన్‌ను చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా కొంత ఇంధనం పోస్తూనే ఉండాలి. ఇంజనే ఆపేస్తే ఇంకా ఘోరం. బ్రేకుకు తోడ్పడే వ్యాక్యూమ్ పోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది.

కరెంటు కార్లు వచ్చాక ఈ గేర్ల గొడవ చాలావరకు తీరిపోయింది. మోటారు సున్నా చుట్ల దగ్గరే పూర్తి టార్క్ ఇస్తుంది, ఇంజన్‌కంటే ఎంతో జోరుగానూ తిరుగుతుంది. అందుకే చాలా కరెంటు కార్లలో ఒక్కటే నిష్పత్తి, తొమ్మిదికి ఒకటి అటూఇటూగా. క్లచ్ లేదు, ఇంజన్ ఆగిపోయే భయం లేదు. కానీ లెక్క మాత్రం అదే. మన టైరుతో 100 కిలోమీటర్ల వేగానికి ఆ మోటారు 7,700 చుట్లు తిరగాలి. దిగేటప్పుడు చక్రాలు మోటారును తిప్పితే అది జనరేటరవుతుంది, కొండ దిగిన శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది.

మీ కారు అంకె

స్పీడోమీటరు నిజానికి వేగాన్ని కొలవదు. చక్రాల చుట్లను లెక్కపెట్టి, టైరు ఇంత పెద్దదన్న నమ్మకంతో వేగం చెబుతుంది. కొత్త టైరు మీద 8 మిల్లీమీటర్లున్న గాడి అరిగి 1.6కి వచ్చేసరికి టైరు వ్యాసార్ధం రెండు శాతం తగ్గుతుంది. చక్రం అదే దూరానికి రెండు శాతం ఎక్కువ తిరుగుతుంది, మీటరు ఆ మేరకు వేగం ఎక్కువ చూపిస్తుంది. సోకు కోసం కంపెనీ చెప్పినదానికంటే పెద్ద టైర్లు వేసుకుంటే దీనికి ఎదురు. మీటరు తక్కువ చూపిస్తుంది, మనం తెలియకుండానే జోరుగా పోతుంటాం.

ప్రతివాళ్లూ తమ కారు అంకె, అంటే ఏ గేరులో ఏ వేగానికి ఎన్ని చుట్లో, తెలుసుకుని ఉంచుకోవాలని నా కోరిక. దీనికి కొలతలేవీ అక్కర్లేదు. సమతలంగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద టాప్ గేరులో నిలకడగా పోతూ, పక్కన కూర్చున్నవాళ్లను రెండు ముళ్లూ చూసి రాసిపెట్టమనండి. మూడు, నాలుగు గేర్లలోనూ అలాగే. అంతే.

ఆ అంకె నాకు ఒకసారి అక్కరకొచ్చింది. శ్రీశైలం నుంచి తిరిగొస్తూ, కృష్ణ దాటి ఈగలపెంట వైపు ఎక్కుతున్నాం. మూడో గేరు, 40 కిలోమీటర్ల వేగం. ముల్లు 1,900 దగ్గర ఉండాలి. ఎక్సలేటర్ కొంచెం తొక్కగానే 2,800కి ఎగిరింది, వేగం మాత్రం 40 దగ్గరే ఉండిపోయింది. ఇంజన్ చప్పుడు బాగుంది, పొగ లేదు, వాసన కూడా ఇంకా రాలేదు. అయినా ఎక్కడో జారుతోందని ఆ రెండు ముళ్లే చెప్పాయి. టైర్లు రోడ్డును పట్టుకునే ఉన్నాయి, పళ్ల చక్రాలు జారవు. ఇక మిగిలింది క్లచ్ ఒక్కటే. రెండో గేరుకు దించి, ఎక్సలేటర్ తేలిగ్గా తొక్కుతూ, మెల్లగా ఇల్లు చేరాం. మర్నాడు మెకానిక్ క్లచ్ పళ్లెం విప్పి నా చేతిలో పెట్టాడు. దాని మీది పూత అరిగి, రివెట్లు బయటపడి ఉన్నాయి.